చెలక కాని చెలక

మొన్న ఒక చదువుకున్న పిల్లవాడు సంచులు పట్టుకొని మా గుట్ట మీదికి వచ్చాడు. గుప్పెడు మన్ను సంచిలో పోసుకొని, కాగితం మీద ఏదో గీకి, "తాతా, ఇది ఎర్రనేల, చెలక" అన్నాడు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. రంగు చూసి జాతి చెప్పడానికి అన్నేళ్లు బడికి పోవాలా? ఆ మాత్రం మా కోడిపుంజు కూడా చెప్తుంది. నేను బడి గడప తొక్కినవాణ్ని కాను. అంగట్లో బెల్లం చుట్టిచ్చిన కాగితాలు కూడబలుక్కొని అక్షరాలు నేర్చుకున్నాను. కానీ ఆ "చెలక" అన్న మూడక్షరాల వల్ల నా పెళ్లి చెడిపోబోయింది. కాబట్టి ఆ మాట గురించి మాట్లాడే హక్కు నాకంటే ఎక్కువ ఎవడికుందో రమ్మనండి.

చేవెళ్ల దిక్కు మాది నల్లరేగడి ఊరు. తడిస్తే కాలు వదలదు, ఎండితే చెయ్యి దూరేంత పగులుతుంది, కానీ ఒక్క వానను కడుపులో దాచుకొని జొన్న పండిస్తుంది. మొయినాబాదు దిక్కు పోతే పెద్ద పెద్ద గుండ్లు, వాటి మధ్య గరుసు కలిసిన ఎర్రమన్ను. దాన్ని చెలక అంటారు. పొద్దున పడ్డ వాన మధ్యాహ్నానికి ఎక్కడ పోయిందో ఆ నేలకే తెలియదు. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కేమిటంటే మా ఊళ్లో నీటి పారకం లేని భూమిని దేన్నైనా చెలకే అంటారు. అట్లా మా గుట్ట వాలు మీది పొలానికి "గుట్ట చెలక" అని పేరు పడింది. పేరు పెట్టిన మా తాతలు మన్నును అడిగి పెట్టలేదు.

ఆ మన్ను సంగతే వేరు. పైన ఎరుపు, పండిన మిరపకాయ ఎరుపు. మోకాలి లోతు తవ్వితే పసుపుపచ్చ మొరం. ఇంకాస్త తవ్వితే గుండ్రటి రాళ్లు తగిలేవి. గోటితో గీకితే ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా ఊడిపోయేవి. పొరలన్నీ ఊడ్చేస్తే నడుమ పిడికెడు నల్లరాయి, కొడితే ఇనుములా ఖంగుమనేది. మా నాయన, బాపు, నాగలికర్రు చూపించి చెప్పేవాడు: "వానకు ఇడిస్తె ఇనుము ఏమయితది? తుప్పు వట్టి ఎర్రగయితది గదరా. ఈ రాయి గూడ గంతే. మనం దున్నేది రాయి తుప్పు." ఒకప్పుడు ఆ రాయి భూమి కక్కిన నిప్పు అని చాలా ఏళ్లకు ఒక బెల్లం కాగితంలో చదివాను. బాపుకు ఆ కాగితం దొరకలేదు, అవసరమూ పడలేదు.

నైజాం కాలం, జర్మనీ యుద్ధం నడుస్తున్న రోజులు. నాకు ఇరవై దాటాయి. చేవెళ్ల అంగట్లో ఒక పిల్లను చూశాను. కుండలవాడి ముందు కూర్చొని ప్రతి కుండనూ వేలిముడితో కొట్టి వింటోంది. "అన్నా, గిది మోగుతలేదు. దీన్ల అన్నం వండమంటవా, కన్నీళ్లు పోసుకోమంటవా?" అని వాణ్ని నిలదీసింది. వాడు ఇంకో కుండ తీసి ఆమె ముందు పెట్టాడు. నేను నన్ను కన్న మా అవ్వ తెమ్మన్న ఉప్పు మరిచిపోయి ఇంటికి వచ్చాను. చేసుకుంటే ఆ పిల్లనే చేసుకుంటానని అవ్వకు చెప్పాను. ఉప్పు ఏదిరా అని అవ్వ అడిగింది.

పిల్లది మొయినాబాదు పక్కన సురంగల్ దిక్కు. మా మేనమామ వెళ్లి అడిగి, మాడు మొహంతో తిరిగొచ్చాడు. "భూమి ఏమున్నదన్నరు. గుట్ట చెలక ఉన్నదన్న. గంతే, పిల్ల తండ్రి లేసి నిలవడ్డడు. 'చెలకల పుట్టి చెలకల సచ్చెటోన్ని నేను, నా బిడ్డను మల్ల చెలకకే ఇయ్యాల్నా? రేగడి ఉన్నోల్లకే ఇస్త' అన్నడు."

బాపు తల కొట్టుకున్నాడు. పేరు మాత్రమే చెలక, మన్ను రేగడి జాతిదే, వచ్చి కళ్లారా చూసుకొమ్మని మళ్లీ కబురు పెట్టాడు. వైశాఖంలో ఒక రోజు అనుకున్నారు.

ముందు రోజే వాన దంచింది. తెల్లారేసరికి పిలవని చుట్టం ఒకడు దిగాడు: గుర్రం మీద గిర్దావరు. ఏ భూమి ఏ రకమో దఫ్తరులో ఎక్కించే సర్కారు మనిషి. రేగడి అని ఎక్కిస్తే శిస్తు ఎక్కువ, చెలక అని ఎక్కిస్తే తక్కువ. మా గుట్ట వంతు ఆ రోజే వచ్చింది.

"ఏంరా, ఇదేం జమీను?"

"చెలక దొరా," అన్నాడు బాపు చేతులు కట్టుకొని. "పేరే గుట్ట చెలక. ఎవల్నన్న అడుగుండ్రి."

గిర్దావరు కలం తీశాడు. సరిగ్గా అప్పుడే గుట్ట కింద ఎడ్లబండి ఆగింది. పిల్ల తండ్రి, ఆయన తల్లి. ఆయన దిగీ దిగకముందే అక్కడి నుంచే ఒక్క కేక వేశాడు: "బావా! జర నిజం చెప్పు, ఇది చెలకనా, రేగడా?"

మా బాపు ఇరుకున పడ్డాడు. ఇటు గిర్దావరును చూశాడు, అటు వియ్యంకుణ్ని చూశాడు, తర్వాత ఆకాశాన్ని చూశాడు. ఆకాశం నిన్ననే పని ముగించుకొని పోయింది.

"క్యా? రేగడా?" అంటూ గిర్దావరు గుర్రం దిగాడు. గుర్రానికి బుద్ధి ఉంది, గట్టు మీదే నిలబడింది. ఆయన మాత్రం పొలంలో కాలు పెట్టాడు. నాలుగో అడుగుకు కాలు వచ్చింది, బూటు రాలేదు. ఇసుక నేలలో అట్లా జరగదు. ఆ సంగతి ఆయనకు మెల్లగా తోచసాగింది.

పిల్ల తండ్రి గుప్పెడు మన్ను తీసి ఉండ చేశాడు. విరగలేదు. కానీ ముఖం చిట్లించాడు. "అతుకుతున్నది గని ఎర్రగున్నది గదా బావా."

పిల్ల చేజారిపోతోందని నాకు అర్థమైంది. శిస్తు, గిర్దావరు, బాపు మర్యాద, ఏమీ గుర్తురాలేదు. గట్టులో ఇరుక్కున్న పొరల రాయి ఒకటి పెకలించి, బండకేసి కొట్టి, నడిమి నల్లరాయి తీసి ఆయన చేతిలో పెట్టాను. "మామా, సూడు. కడుపుల నల్లరాయే. మీ దిక్కు గుండ్ల మన్ను గాదు ఇది."

బాపు నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ వీపు మీద తగులుతుంది.

"నల్లరాయి ఉంటే రేగడే," అన్నాడు గిర్దావరు ఒంటి బూటుతో కుంటుతూ. "ఝూట్ చెప్తవురా ముసలోడా?"

పిల్ల తండ్రి రాయిని అటూ ఇటూ తిప్పి కింద పడేశాడు. "రాయి నల్లగుంటె నాకేంది? నా బిడ్డ రాయిని దున్నుతదా? మన్ను ఎర్రగున్నది. ఇది చెలకనే."

చూశారా మా అదృష్టం! శిస్తు వేసేవాడు రేగడి అన్నాడు, పిల్లనిచ్చేవాడు చెలక అన్నాడు. ఒకే మన్ను, ఒకే పొద్దు, రెండు వైపులా మాకే దెబ్బ. "ఎర్రరేగడి అని రాయుండ్రి దొరా," అని బాపు గొణిగాడు. అట్లాంటి ఖానా దఫ్తరులో లేదన్నాడు గిర్దావరు. మనుషులు గీసుకున్న రెండు గడుల్లో ఇమడకపోతే అది భూమి తప్పేనట!

ఇంతసేపూ బండి దిగని పిల్ల నాయనమ్మ అప్పుడు నోరు విప్పింది. "మీ మన్ను లొల్లి ఆపుండ్రి. ఇంత దూరమొచ్చిన, నన్ను జర వాల్ల వంటింట్లకు తోలుకపోండ్రి."

ఇంటికి తీసుకుపోయాం. ముసలామె మా అవ్వను పలకరించకుండా, మంచినీళ్లు ముట్టకుండా తిన్నగా పొయ్యి ముందు కూలబడింది. పొయ్యి అంచంతా వేళ్లతో తడిమింది.

"ఏం మన్ను బిడ్డా?"

"గుట్ట చెలకదే అత్తా," అంది మా అవ్వ.

"ఎన్నడు పెట్టినవు?"

"వీడు కడుపుల ఉన్నప్పుడు. అలుకుడే గని మల్ల పెట్టలే."

ముసలామె వాకిట్లో ఉన్న కొడుకును కేక వేసింది. "ఓరి, ఇటు రా! రేగడితోని పొయ్యి పెడ్తె నెలకు పగుల్తది. మన చెలక దుబ్బతోని పెడ్తె నెలకు రాల్తది. నీ పెండ్లాం ఏడాదికి ఎన్ని పొయ్యిలు పెడ్తదో ఎన్నడన్న సూసినవా? ఇరవై ఏండ్ల పొయ్యి సూడు, ఎంటుక మందం పర్రె లేదు. పిల్లను గీడనే ఇస్తున్నం. నీకు రేగడి గావాల్నంటె నువ్వు వోయి సంసారం చెయ్యి!"

పిల్ల తండ్రి పొయ్యిని చూశాడు, తల్లిని చూశాడు. "సరె తియ్యి అవ్వా," అన్నాడు.

గిర్దావరు బూటును నేనే తవ్వి, కడిగి ఇచ్చాను. అయినా రేగడి అనే ఎక్కించాడు, ఆ బూటు కోపంతోనే. బాపు బతికినన్నాళ్లూ ఊరందరికీ నన్ను చూపించి, "వీని పెండ్లికి రేగడి రాసిచ్చిన" అనేవాడు. గుట్ట చెలక మాత్రం ఊరి నోట్లో గుట్ట చెలకగానే ఉండిపోయింది.

జ్యేష్ఠంలో పెళ్లయింది. కాపురానికి వచ్చిన తెల్లారి ఆమె వంటింట్లోకి పోయి, ముందు పొయ్యి పక్కన కూర్చొని వేలిముడితో కొట్టి చెవి పెట్టి వింది. నేను గడపలో నిలబడి చూస్తున్నాను.

"మోగుతున్నది," అంది. అని అగ్గి రాజేసింది.