పైవాటాలో నా తొమ్మిది

వారం రోజులుగా నెట్ పెడితే చాలు, ‘మీ ఐపీ అడ్రస్‌ను వేరే కంప్యూటర్ వాడుతోంది’ అని మెసేజ్. రేణిగుంట నుంచి వచ్చే కేబుల్ అతను ఇంటికొక ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో కంప్యూటర్ నంబరు, రాసిచ్చాడు. నాదాంట్లో చివరి అంకె తొమ్మిది. ఎవరో దొంగ దూరాడని పాస్‌వర్డులన్నీ మార్చేశాను. ఎదురింటివాళ్లు నవ్వినా అనుమానమే.

ఈ రోజు పైవాటా మునిరత్నం గారు తనకూ అదే మెసేజ్ వస్తోందంటే వెళ్లాను. సెట్టింగ్స్ తెరిస్తే, చివర తొమ్మిది!

“ఇది నాది కదా సార్?”

“కేబులోడు నాకు ఎనిమిది ఇచ్చినాడప్పా. మాకు ఎనిమిది అచ్చిరాదు. నేనే తొమ్మిది చేసుకున్నా. ఒక అంకెలో ఏముండాది?”

ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఆయన వదిలేసిన ఎనిమిది నేను పెట్టుకున్నాను. నెట్ బాగానే వస్తోంది. నాకిలాంటి నమ్మకాలేమీ లేవు. కాకపోతే ఇందాకటి నుంచి మౌస్ కదలడం లేదు.

మీలో ఎవరికైనా ఎనిమిది అచ్చొచ్చిందా?