పడింది ఏరుకో

ఆదోని బట్టల బజారు వెనక ఒక మేడ మీద ఉండేది మా టైపు ఇన్‌స్టిట్యూట్. ఎనభైల చివర్లో అక్కడ నేను టైపు నేర్పేదాన్ని. ఓనరు భాయి ఒకరోజు హైదరాబాదు నుంచి పాత కంప్యూటరు ఒకటి మోయించుకొచ్చి మూలగదిలో పెట్టించాడు. ఊరంతా దాని మీద పాఠాలు నేర్చుకోవడానికి ఎగబడుతుందని ఆయన ఆశ. పాఠాల మాట దేవుడెరుగు, ముందు ఒక ఫ్లాపీ దూర్చి నన్ను పిలిచాడు.

"టీచరమ్మా, ఇది కిల్లా ఆట. లోపలికి పో, దొరికినోణ్ణి నరుకు, పడింది ఏరుకో. అంతే."

నల్లటి తెర మీద పచ్చ గీతలతో కోట లోపలి గదులు, సందులు. బొమ్మలేవీ లేవు, అన్నీ టైపు అక్షరాలే. అందులో మనిషంటే పత్తి బిల్లుల్లో ధరకు ముందు కొట్టే రేటు గుర్తు, @. ఆ గుర్తు కొట్టీ కొట్టీ నా వేలు అరిగిపోయింది. "రేటు నడుస్తాండాదే!" అని నవ్వాను. నవ్వు పూర్తయ్యేలోపే పక్క సందులోంచి ఒక అక్షరం ఉరికొచ్చి నన్ను కరిచింది. ఆగి ఆలోచించుకుందామంటే కుదరదు, చేతులు కట్టుకుని కూర్చుంటే అవి వచ్చి పీకి పెడతాయి. కంగారులో స్పేస్ బార్ మీద గుద్దాను. అది చచ్చింది. చచ్చిన చోట ఒక చిన్న గుర్తు మిగిలింది. దాని మీదికి నడిస్తే, కత్తి దొరికిందని కింద ఇంగ్లీషులో పడింది.

ఛీ, ఇదేం ఆట అనుకున్నదాన్ని, మర్నాటి నుంచి క్లాసుల కంటే ముందే వచ్చి కూర్చునేదాన్ని. ఇంటి ఓనరమ్మ మీది కోపం, ఒంటి వేలితో టైపు కొట్టే శిష్యుల మీది కోపం అంతా ఆ అక్షరాల మీద తీర్చుకున్నాను. నిజం చెప్పాలంటే చంపడం కంటే ఏం పడుతుందోననే ఆత్రమే ఎక్కువ. మంచి కత్తి పడగానే చేతిలో ఉన్నది చెత్తలా కనిపించేది. కొత్తది ఎత్తుకోగానే దీన్ని ఎవరి మీద చూద్దామా అని చేతులు దురద పెట్టేవి. ఇంత దుర్మార్గం నాలో ఉందని నాకే తెలియదు. తెలిశాక సిగ్గుపడనూ లేదు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం మా తమ్ముడు వచ్చాడు. పెద్దకడుబూరు దగ్గర మా ఊళ్ళోనే ఉండి పత్తి, వేరుశనగ చూసుకునేవాడు. ఆ ఏడు చేను వదిలేసి ఊరి ఫ్యాక్షన్ నాయకుడి జీపులో తిరుగుతున్నాడని విన్నాను.

"ఏమిరా, ఇట్లొచ్చినావు?"

"ఊరికేనే అక్కా. నిన్ను సూసి పోదామని."

వాడు సంచి కింద పెడితే ఠంగుమంది. చుట్టిన తువ్వాల్లోంచి వేటకొడవలి పిడి కనిపించింది. మా ఊరి మగవాళ్ళు ఊరికే చూసిపోవడానికి రారు. ఎవరినైనా నరకడానికి బయలుదేరే ముందు, తిరిగొస్తామో లేదోనని అయినవాళ్ళ మొహం చూసి పోతారు.

"యాడికి పోతాండారు?"

"ఎమ్మిగనూరుకు. అవతలి పార్టీ మనిసి ఒకడు సంతకు వచ్చినాడంట. జీపు ఈడికే వస్తాది."

ఏడిస్తే వెళ్ళిపోతాడు, తిడితే ఇంకా తొందరగా వెళ్ళిపోతాడు. నా తమ్ముడు హంతకుడు కాకూడదు, నా బుర్రలో అదొక్కటే తిరిగింది. జీపు వాణ్ణి ఎక్కించుకోకుండా పోవాలి. తలుపు గడియ పెట్టి, రెక్క పట్టుకుని కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను.

"ఒక్క ఆట ఆడి పో. పెద్ద మొగోనివి గదా, సూద్దాం."

వాడికి ఇంగ్లీషు రాకపోయినా ఆట ఇట్టే పట్టుబడింది. వెనక నిలబడి రెచ్చగొట్టాను. "ఆ సందులో ఉండాది, నరుకు! ఇడిసిపెట్టొద్దు!" వాడు పళ్ళు కొరుకుతూ మీటలు బాదాడు. ఒకదాన్ని మూలకు తోసి చంపాడు, పారిపోయేదాన్ని తరిమి చంపాడు. కింద జీపు హారన్ మోగింది. నా గొంతు ఇంకా పెంచాను. ఎవరో మెట్లెక్కి వచ్చి తలుపు గుద్దారు. "ఈడ లేడప్పా, అప్పుడే పాయ" అని లోపలి నుంచే అరిచాను. వాడు తల తిప్పలేదు. వచ్చినవాడు బూతులు తిట్టుకుంటూ దిగిపోయాడు. జీపు వెళ్ళిన చప్పుడు విన్నాక గోడకు చేరగిలబడ్డాను. గెలిచాను అనుకున్నాను.

తెర మీద వాడు చంపిన అక్షరం బంగారం వదిలింది. వాడు దాని మీదికి నడవలేదు.

"బంగారం పడింది, ఏరుకోరా."

"బంగారమేనా అక్కా పడేది?"

"ఏం, సాలదా?"

వాడు మీటల మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "పోయిన నెలలో ఒకాయప్పను నరికితిమి. నాదే మొదటి దెబ్బ. జేబు సినిగి నిమ్మతొన బిళ్ళల పొట్లం పడింది. పిల్లోల్లకు కొన్నట్టుండాడు. నేను ఏరుకుంటి. తిరిగొచ్చేటప్పుడు జీపులో అందరమూ తింటిమి."

కోటలో ఏదో వచ్చి రేటు గుర్తును పీకుతోంది. ఇద్దరం పట్టించుకోలేదు. తమ్ముణ్ణి దక్కించుకున్నానని మురిసిపోయాను. వాడు పోయిన నెలలోనే నాకు దక్కకుండా పోయాడు.

"తియ్యగా ఉండినాయక్కా" అన్నాడు.

కొట్టాను. చెంపల మీద, నెత్తి మీద, వీపు మీద, గాజులు పగిలి నా చేతికే గుచ్చుకునేదాకా కొట్టాను. వాడు ఒక్క దెబ్బకు కూడా చెయ్యి అడ్డం పెట్టలేదు.