ఒంటి చక్రం జాడ

విజయనగరం సందుల్లో నలభై ఏళ్లు రాళ్లు పరిచాడు గంగులు. ఏం మిగిలిందంటారా? వాచిన మోకాళ్లు, వంగిన నడుం.

అలాంటి మనిషి ఈమధ్య ఒక్కదానికి మొండికేశాడు. కోట దగ్గరి పాత సందుకి సిమెంటు రోడ్డు మంజూరైంది. ఆ సందులో నల్లరాతి పలకల మీద అటొకటి ఇటొకటి లోతుగా బండి జాడలున్నాయి. ఇనుప పట్టాల చక్రాలు తిరిగి తిరిగి రాయినే అరగదీశాయి. గంగులు తండ్రి ఆ దారినే నెల్లిమర్ల జనపనార మిల్లుకి బండి మీద గోగునార తోలేవాడు. ఆయన ఫోటో ఒక్కటీ లేదు. ఉన్నవల్లా ఆ జాడలే. ఆ రాళ్లు ఉంచమని మునిసిపాలిటీ ఇంజనీరు మురళీమోహన్ చుట్టూ గంగులు నెల్లాళ్లు తిరిగాడు. చివరికి ఆయనే విసిగిపోయి, "సరేనయ్యా, సందు మొదట్లో పదడుగులు పాత రాళ్లే ఉంచుదాం. కింద గట్టి చేసి మళ్లీ పరుచు" అన్నాడు.

తీరా రాళ్లు పెకలించిన రోజే మోకాళ్లు బిగుసుకుపోయాయి, పాడు మోకాళ్లు! ఇరవై ఏళ్లుగా తనతో పనిచేస్తున్న కూర్మమ్మకి, "జాగర్తగా ఏయించు" అని అప్పగించి ఆసుపత్రికి వెళ్లాడు. అంతకంటే ఏం చెప్పాలి, ఆవిడకి తెలియని పనా!

మూడోనాడు వచ్చి చూస్తే సందు మొదలు నున్నగా, అద్దంలా ఉంది. గంగులు కూర్మమ్మని కేకేశాడు.

"బండి జాడలేవే?"

"అరిగిన రాళ్లు కదా, తిరగేసినాను మావా. మంచి మొకం పైకెట్టాలని నువ్వే కదేటి సెప్పినావు?"

అవును, తనే చెప్పాడు. వందసార్లు చెప్పాడు. అలా పెట్టనివాళ్లని తిట్టాడు కూడా. ఇప్పుడు ఎవర్ని తిట్టాలి?

"అయ్యి మా అయ్య బండి జాడలే, కూర్మీ" అంటూ కూలబడ్డాడు.

"ఓలమ్మో, ఎంత పని సేసినాను!" అని నెత్తి కొట్టుకుని, కూర్మమ్మ గునపం అందుకుంది.

కుడి వరస ఆ పొద్దుటే వేసింది, సిమెంటింకా పచ్చిగా ఉంది. ఇద్దరూ ఒక్కో పలకా ఎత్తి, తిరగేసి, గాడికి గాడి కలిపారు. ఎడమ వరస ముందురోజుది, బిగిసిపోయింది. గునపం వేస్తే మొదటి పలకే అడ్డంగా పగిలింది.

"సాల్లే, ఇక వదిలీ" అన్నాడు గంగులు.

మురళీమోహన్ వచ్చి, "ఒక పక్కైనా ఉంది కదా, పర్లేదులే" అని వెళ్లిపోయాడు.

వారం తర్వాత గంగులు కర్ర పట్టుకుని అటు వెళ్లాడు. మొదటింటావిడ గుమ్మం కడిగి, బకెట్లో మురికినీళ్లు ఆ గాడిలో పోస్తోంది.

"ఈ కాలవ బాగున్నాది. నీళ్లు సక్కగా పోతన్నాయి. నువ్వేనా ఏసినావు?"

చెప్పాలంటే ఇంజనీరుకి నెల్లాళ్లు చెప్పిందంతా మళ్లీ మొదట్నించీ చెప్పాలి. అంత ఓపిక ఎక్కణ్ణించి తెచ్చుకుంటాడు?

"నేనేనమ్మా" అని ఆ ఇంటి అరుగు మీదే కూర్చుండిపోయాడు. నీళ్లు వాళ్లయ్య బండి వెళ్లిన వైపుకే పోతున్నాయి. గంగులుకి ఏడుపొచ్చింది.