ఉయ్యాలకు కట్టిన నారింజ రంగు కేబుల్

మా పాప నిద్రపోవాలంటే ఉయ్యాల ఒక్కటే చాలదు. ఉయ్యాలకు ఒక కేబుల్ కట్టి ఉండాలి, ఆ కేబుల్ చివర టార్చిలైటు బల్బు వెలుగుతుండాలి. ఈ మాట విన్నవాళ్ళు పాపను ఒకసారి, నన్ను రెండుసార్లు జాలిగా చూస్తారు. అందుకే జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను. పాప పడుకుంది. బల్బు వెలుగుతోంది.

అప్పటికి నేనూ పాపా బహ్రెయిన్ వచ్చి రెండు నెలలు. మాకున్నది విజిట్ వీసా, అది ఇంకో మూడు వారాల్లో అయిపోతుంది. మా ఆయన తుబ్లీలో ఒక ఎలక్ట్రికల్ వర్క్‌షాపులో సూపర్‌వైజరు. ఆ వర్క్‌షాపు యజమాని, అంటే ఆయన కఫీల్, ఒక మాట అన్నాడట: కొత్త ఫ్యాక్టరీ ఆర్డరు మనకే వచ్చేలా చూడు, నీ ఫ్యామిలీ వీసా కాగితం మీద సంతకం పెడతాను అని. రాకపోతే పెట్టనని కఫీల్ అనలేదు. కానీ నేను విన్నాను. అనని మాటలు నాకు చాలా స్పష్టంగా వినిపిస్తాయి.

అది సెమీకండక్టర్ ఫ్యాక్టరీ. గోరు మీద పట్టేంత ముక్కలకు వెంట్రుకల్లాంటి తీగలు అతికించి నల్లటి పెంకుల్లో మూస్తారట. అక్కడి యంత్రాల చేతులు రోజంతా ముందుకూ వెనక్కూ తిరుగుతూనే ఉంటాయి. వాటికి కరెంటు ఇచ్చే కేబుల్ కూడా చేతితోపాటే వంగాలి, లేవాలి, మళ్ళీ వంగాలి. మామూలు కేబుల్ అయితే కొద్ది రోజుల్లోనే లోపల తెగుతుంది. పైగా ఆ గదిలోకి దుమ్ము రాకూడదు కాబట్టి కేబుల్ పైతొడుగు పొడి రాలకూడదు. మా ఆయన దగ్గర మూడు నమూనాలున్నాయి: మందంగా నల్ల రబ్బరుది ఒకటి, బూడిద రంగుది ఒకటి, నారింజ రంగుది ఒకటి. ఏది మంచిదో పరీక్షించి వారంలో రిపోర్టు ఇవ్వాలి. పరీక్షించే యంత్రం మాత్రం వర్క్‌షాపులో లేదు.

"రోజంతా ఆగకుండా ముందుకీ వెనక్కీ కదిలేది ఏదైనా కావాలి" అంటూ మా ఆయన గదంతా కలయజూసి, చివరికి ఉయ్యాల దగ్గర ఆగారు.

"వద్దు" అన్నాను.

"నేనింకా ఏమీ అనలేదు కదా!"

"అనబోయేది వినిపించింది."

చివరికి ఒప్పుకున్నాను. కేబుల్ ఒక చివర కిటికీ ఊచకు క్లిప్పుతో బిగించారు. రెండో చివర పాప చేతికి అందకుండా, ఉయ్యాల తాడుకు బాగా పైన కట్టారు. రెండు టార్చి సెల్లులూ ఒక బల్బూ ఆ కేబుల్‌కే కలిపి కిటికీ మీద పెట్టారు. లోపలి తీగ తెగితే బల్బు ఆరిపోతుంది. అంతే పరీక్ష. నేను బీఎస్సీ ఫిజిక్సు చదివినదాన్ని. అయినా టార్చి సెల్లుతో షాకు కొడుతుందా అని ఆయన్ని ఎనిమిదిసార్లు అడిగాను.

మేముండే నయీమ్ పేటలో మా పక్క గదిలో కోనసీమ అక్క ఉంటుంది. అద్లియాలో ఒక మేడమ్ ఇంట్లో పని. ఆ సాయంత్రం డ్యూటీ దిగి వస్తూ మా గదిలోకి తొంగిచూసింది.

"ఓరి నాయనో! పిల్లకి కరెంటెట్టేసేరేంటమ్మా!"

ఆ కేకకు కింద గదిలో ఉండే కరీంనగర్ అన్న పరుగెత్తుకొచ్చాడు. కట్టడం పనికి వెళ్తాడు. మా స్లాబుకు ఉయ్యాల కొక్కెం బిగించింది అతనే.

"పోరి ఊగెతందుకు కొక్కెం ఏసిన గని, లైన్ గుంజెతందుకు ఏసిన్నా చెల్లె? దుబాయికి అచ్చి గిదేం పని?" అన్నకు బహ్రెయిన్ కూడా దుబాయే.

మా ఆయన సెల్లు తీసి నాలుకకు ఆనించి చూపించాక అన్న శాంతించాడు. అక్క నమ్మలేదు. తనూ ఒకసారి నాకి చూసి, "ఉప్పగా ఉందండి" అని తీర్పు చెప్పి కూర్చుంది.

ఇక ఊపులు లెక్కపెట్టడం నా పని. కాలి బొటనవేలికి ఉయ్యాల తాడు, చేతిలో బెండకాయలు, నోట్లో అంకెలు. నాలుగొందలు దాటగానే పాప తుమ్మింది. జలుబేమో అనుకునేసరికి అంకె పోయింది. మళ్ళీ ఒకటి నుంచి. మూడోసారి లెక్క పోయాక అక్క తన జపమాల తెచ్చి ఇచ్చింది.

"నూట ఎనిమిది పూసలమ్మా. ఊపుకో పూస తిప్పేయి. ఒక్కటే మాట, మాల మొదలెట్టేక మధ్యలో ఆపకూడదు. ఏమైపోయినా చివరి పూస దాకా వెళ్ళాల్సిందే."

మాల పూర్తయినప్పుడల్లా స్టీలు గ్లాసులో ఒక పుట్నాల పప్పు వేశాను. మొదటి రోజు సాయంత్రం మా ఆయన పేపరు చదువుతూ ఫలితాల్లో సగం నమిలేశారు. రెండో రోజు నుంచి చింతపిక్కలు వేశాను.

నల్ల కేబుల్ ఉయ్యాల దాకా రాకుండానే ఓడిపోయింది. ఉతికిన పాప లంగోటాతో దాన్ని తుడిస్తే నల్లటి చార పడింది. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు.

"రిపోర్టులో ఏమని రాయను, లంగోటా అనా?"

"శుభ్రమైన తెల్లని గుడ్డ అనండి. శుభ్రమైన అన్నది మర్చిపోకండి, ఉతికింది నేను."

బూడిద రంగుది మూడో రోజు మధ్యాహ్నం తెగింది. ఆ సంగతి ముందు చెప్పింది పాప. పొద్దస్తమానం ఆ బల్బునే చూస్తూ పడుకునేది. అది టప్పున ఆరిపోగానే గుక్కపెట్టింది. అప్పటికి నా చేతిలో ఇంకా ముప్పై పూసలున్నాయి. మధ్యలో ఆపకూడదన్న అక్క మాట గుర్తొచ్చింది. నేను ఊపుతూ, పాప ఏడుస్తూ ముప్పై పూసలూ పూర్తి చేశాం. తర్వాత పాపను ఎత్తుకుని అరగంట క్షమాపణ చెప్పుకున్నాను. నాకంటే చెడ్డ తల్లి ఆ ద్వీపం మీద ఇంకొకతి ఉండదనిపించింది.

నారింజ రంగుది నాలుగు రోజులు ఊగినా తెగలేదు.

మా ఆయన రిపోర్టు ఇచ్చి వచ్చారు. మర్నాడు ఫ్యాక్టరీ నుంచి వర్క్‌షాపుకు ఫోను. అక్కడి పెద్ద ఇంజనీరు బహ్రెయినీ ముసలాయన. మీ అంకెలన్నీ నూట ఎనిమిదితో భాగిస్తే సరిగ్గా పోతున్నాయి, కేబుల్ లెక్క చూసుకుని తెగుతుందా, కుర్చీలో కూర్చుని రాశారా అని అడిగాడట. పరీక్ష యంత్రాన్ని చూడటానికి తనే వస్తానన్నాడట.

"రిపోర్టులో యంత్రం అని రాశారా?"

"ఊగుడు పద్ధతిలో వంచు యంత్రం అని రాశాను" అన్నారు మా ఆయన నేల చూపులు చూస్తూ.

ఆ రాత్రి సూట్‌కేసు మంచం కింద నుంచి నాలుగుసార్లు తీసి నాలుగుసార్లు తోశాను. ఉన్న యంత్రాన్ని దాచలేం కాబట్టి పొద్దున్నే యంత్రానికి స్నానం చేయించి, పౌడరు వేసి, కాటుక పెట్టాం.

ముసలాయన కాళ్ళ దాకా ఉన్న తెల్లటి తోబు ఎత్తిపట్టుకుని మూడంతస్తులు ఎక్కి వచ్చాడు. ఆయాసపడుతూనే హిందీలో అడిగాడు.

"మెషిన్ ఎక్కడ భాయ్?"

మా ఆయన ఉయ్యాల చూపించారు. యంత్రం బొటనవేలు చీకుతూ ఆయన్ని చూసింది. నాకు ఏం చేయాలో తోచక జపమాల ఆయన ముందు పెట్టాను. నాకొచ్చిన హిందీలో చెప్పాను.

"నూట ఎనిమిది. మధ్యలో ఆపకూడదు. తెగినా, ఏడ్చినా."

ఆయన మాలను చూశాడు. జేబులోంచి తన తస్బీ తీశాడు. తేనె రంగు పూసలు.

"మాది ముప్పై మూడు" అన్నాడు. "మా అమ్మ, ఇంటికి నిప్పంటుకున్నా మధ్యలో లేవదు." అని పొట్ట కదిలేలా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి అడిగాడు. "బూడిద రంగుది ఎక్కడ తెగింది?"

మా ఆయన నోరు తెరిచేలోపే నేను చెప్పేశాను. "క్లిప్పు దగ్గర. బిగించిన చోటే."

"నీకెలా తెలుసు?"

"ఉయ్యాల తాడు కూడా మధ్యలో అరగదు, కొక్కెం దగ్గరే అరుగుతుంది. రోజుకు పదిసార్లు చూస్తాను."

"ఇరవైసార్లు" అన్నారు మా ఆయన.

ముసలాయన రెండు కేబుళ్ళూ కోయించి చూశాడు. బూడిదదాంట్లో లావుపాటి పోగులు కొన్ని. నారింజదాంట్లో వెంట్రుకల్లా సన్నటి పోగులు లెక్కలేనన్ని. నారింజదే పెట్టండి, యంత్రం దగ్గర క్లిప్పు మాత్రం కేబుల్ గొంతు పిసకకుండా వదులుగా, కాస్త వంపు ఇచ్చి పెట్టండి అని మా ఆయనతో చెప్పాడు. "ఖలాస్, ఆర్డరు మీదే" అన్నాడు. అన్నాడే కానీ వెళ్ళలేదు. చాప మీద కూర్చుని ఒక చేత్తో తస్బీ తిప్పుతూ, ఇంకో చేత్తో ముప్పై మూడు ఊపులు ఊపాడు. పాప నిద్రపోయింది. చెప్పులు చేత్తో పట్టుకుని మునివేళ్ళ మీద మెట్లు దిగి వెళ్ళాడు.

వీసా ఇంకో నాలుగు రోజుల్లో అయిపోతుందనగా కఫీల్ సంతకం పెట్టాడు.

"అన్ని వేల జపం చేసేవు, ఊరికే పోద్దేంటమ్మా" అంది అక్క.

నేను ఏ దేవుడి పేరూ తలవలేదు, ఊపులు లెక్కపెట్టానంతే అన్నాను. అది పూర్తిగా నిజం కాదు. పూస పూసకూ మమ్మల్ని పంపకు, పంపకు అనుకుంటూనే తిప్పాను. ఎవరితో అంటున్నానో నాకే తెలియదు, కఫీల్‌తోనే కావచ్చు.

పాప రెండో పుట్టినరోజు కూడా అయింది. నారింజ రంగు కేబుల్ ఇంకా తెగలేదు. నిన్న అక్క వచ్చి మాల తిరిగి ఇచ్చేయమంది.

మధ్యలో ఉన్నానక్కా, అన్నాను.