అందించిన మాట

రెడీమేడ్ కర్టెన్లు కుట్టేవాళ్లు తలుపు అనేదాన్ని ఎప్పుడైనా చూశారా అని నా అనుమానం. పాల్వంచలో మా పిన్ని సామాన్ల గదికి కొన్న కర్టెన్ నేలకు జానెడు పైనే ఆగిపోయింది. వెనక ఎవరు నిలబడ్డా పాదాలు కనిపిస్తాయి.

నేను దయ్యాలను నమ్మను. నాకు ఫిజిక్స్‌లో డిగ్రీ ఉంది. అది ఉద్యోగానికి పనికిరాలేదు గానీ, ఈ ఒక్క విషయంలో మాత్రం ఇన్నాళ్లూ అండగా నిలబడింది.

పోయిన వానాకాలంలో మా బాబాయికి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ మెల్లగా దారికొచ్చాయి. మాట రాలేదు. అన్నీ అర్థమవుతాయి, నోరు తెరుస్తాడు, అక్కడితో సరి. మా వంశంలో అందరి వాటా మాటలూ తానే మాట్లాడిన మనిషి. ఇంకా ఆలస్యమైతే మాట రావడం కష్టమని, బాగా అలవాటైనవి ఏవైనా వినిపించమని ఖమ్మంలో డాక్టరు చెప్పాడు. పిన్ని భక్తి పాటలు పెట్టింది. బాబాయి హాయిగా నిద్రపోయాడు.

అప్పుడు నాకు ఒక సినిమా తట్టింది. వయసులో ఉన్నప్పుడు బాబాయి వాళ్లు భద్రాచలం చుట్టుపక్కల ఊళ్లలో ఒక ఇంగ్లిషు హత్యా నాటకాన్ని తెలుగులో ఆడేవారు. అదే నాటకాన్ని హాలీవుడ్ వాళ్లు ఎప్పుడో సినిమాగా తీశారు. తెలుగు చేసింది బాబాయి స్నేహితుడు దానియేలు. అసలు కథలో మంచు కురిసి దారులు మూసుకుపోతాయి. మంచు మనకెందుకని ఆయన వాగు పొంగించాడు. బాబాయిది ఇన్‌స్పెక్టరు వేషం. దానియేలు పరదా వెనక నిలబడి మాటలు అందించేవాడు.

హంతకుడి పేరు చెప్పేముందు ఇన్‌స్పెక్టరు ఒకసారి దగ్గాలి. బూర్గంపాడులో బాబాయి అది మరిచిపోయాడు. దానియేలు వెనక నుంచి "దగ్గు" అని అందించాడు. బాబాయి జనం వైపు తిరిగి, మహా గంభీరంగా, "దగ్గు!" అన్నాడు.

పందిరంతా విరగబడి నవ్విందట. ఆ తర్వాత ఏ ఊరికెళ్లినా అలాగే అనాల్సి వచ్చింది. హంతకుడెవరన్నది ఎవరికీ పట్టలేదు.

దానియేలు పోయి మూడేళ్లయింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఆ సినిమా పెట్టాను. బాబాయి రెప్ప వెయ్యలేదు. చివర్లో ఇన్‌స్పెక్టరు అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఒక్కొక్కరి మొహమూ చూస్తుండగా కరెంటు పోయింది. టీవీ, ఫ్యాను, ఫ్రిజ్ అన్నీ ఆగాయి.

ఆ నిశ్శబ్దంలో కర్టెన్ వెనక నుంచి ఎవరో మెల్లగా అన్నారు: "దగ్గు."

నేను కర్టెన్ కిందికి చూశాను. పాదాల్లేవు. బియ్యం బస్తా అంచు ఉంది.

బాబాయి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "దగ్గు!"

వంటింట్లోంచి పిన్ని కేకేసింది. "ఎవరొచ్చిండ్రురా? ఒకటి మీ బాబాయి గొంతు లెక్కనే ఉంది, ఇంకొకాయన ఎవరు? చాయ్ ఎంతమందికి పెట్టాలె?"

ఆ తర్వాత తానేమన్నదో తనకే అర్థమై, గిన్నె పట్టుకునే వచ్చి నేల మీద కూలబడింది.

సామాన్ల గదికి వేరే తలుపు లేదు. పక్కింటివాళ్లు తాళం వేసి తల్లాడలో పెళ్లికి వెళ్లారు. సినిమా చూస్తే ఇంగ్లిషు. నేనే ఊహించుకున్నాననుకుంటే, వంటింట్లో పిన్ని కూడా సరిగ్గా అప్పుడే అదే ఊహించుకోవాలి. డాక్టరుకు చెబితే, "మంచిదే, కంటిన్యూ చేయండి" అన్నాడు. ఏది కంటిన్యూ చేయాలో చెప్పలేదు.

బాబాయి ఇప్పుడు చిన్న చిన్న మాటలు మాట్లాడుతున్నాడు. మొన్న చాయ్‌లో చక్కెర తక్కువైందని పిన్నిని తిట్టాడు. ఆమె ఆ సంగతి వాడకట్టంతా సంతోషంగా చెప్పుకొచ్చింది. మాట దొరకనప్పుడు బాబాయి తల కాస్త కర్టెన్ వైపు వంచి ఆగుతాడు. కాసేపటికి మాట వస్తుంది. కర్టెన్ మారుద్దామంటే పిన్ని ఒప్పుకోవడం లేదు.

ఇదంతా ఏమిటో నాకు ఈరోజుకీ తెలియదు. పోయిన వారం ఉండబట్టలేక అడిగేశాను. "నిజంగనే వినబడ్తదా బాబాయ్? ఆ రోజు తర్వాత నేను గూడ చెవి పెట్టే కూసుంటున్న. నాకేం వినబడ్తలేదు."

బాబాయి కర్టెన్ వైపు వంగాడు. ఆగాడు. నా వైపు తిరిగాడు.

"నీకెందుకు వినబడ్తది? అందించేది నాకు."