తీసేసిన చివరి పేరా

ఆ చివరి పేరా తీసేసింది నేనే. ఇన్నేళ్ళూ ఆ బరువు ఎవరి ముందూ దించలేదు. మీ ముందు ఎందుకు దించుతున్నానో నాకే సరిగ్గా తెలియదు.

అప్పట్లో బెంగళూరులో ఒక తెలుగు దినపత్రికలో పనిచేసేవాణ్ణి. షార్ట్ సెల్లింగ్ గురించి వ్యాసం రాశాను. చేతిలో లేని షేర్లను బ్రోకరు ద్వారా ముందు అమ్మి, ధర తగ్గాక, ఆ రోజు మార్కెట్ మూసేలోపే కొనేయడం. బ్రోకరు దగ్గర ముందుగా సొమ్ము ఉంచాలనీ, అన్ని షేర్లకూ ఇది కుదరదనీ రాశాను. చివర ఒక హెచ్చరిక: షేరు ఆ రోజుకు పెరగగలిగినంతా పెరిగి ఆగిపోతే అమ్మేవాళ్ళు దొరకరు, మనం కొనలేం, తర్వాత మన తరఫున ఆ షేర్లు కొనడానికి స్టాక్ ఎక్స్ఛేంజి జరిపే వేలంలో ఎంత పలికితే అంతా కట్టాల్సిందే.

పేజీలోకి ప్రకటన వచ్చింది. ఆరు లైన్లు తగ్గించాలి. కింది నుంచి కోయడం మా అలవాటు. పైన నేను మురిసిపోతూ రాసుకున్న చమత్కారం ఉంది. అది తీసి ఉండొచ్చు. తీయలేదు.

కొన్ని వారాలకు బొమ్మనహళ్ళి నుంచి ఒకాయన ఆఫీసుకు వచ్చాడు. గార్మెంట్ ఫ్యాక్టరీలకు బొత్తాలు, జిప్పులు అమ్మే మనిషి. నా వ్యాసం చదివి షేర్లు అమ్మాడు. ధర పైకెళ్ళి ఆగిపోయింది. వేలం దెబ్బకు దుకాణం పెట్టుబడి పోయింది.

“దుడ్డు కోసం రాలేదప్పా,” అన్నాడు. “ఆ పేపరు, పాత పేపర్లు కొనే గుజరీవానికి ఏసేసినాము. మా ఇంట్లోదేమో, ఏనుగంత కథ చదివి తోక వదిలేసినావు అంటుండాది. పదిసార్లు చదివినా, ఆ వేలం మాటే లేదు అంటుండా నేను. నువ్వు చెప్పు. ఉండాదా, లేదా?”

“ఉంది. మీరే చూసుకోలేదు,” అన్నాను.

“అట్లనా... అయితే దానిదే నిజం,” అని లేచాడు.

పాత సంచికలు నా వెనక బీరువాలోనే ఉన్నాయి. తీసి చూపమని అడగాలని ఆయనకు తోచలేదు.

ఎందుకలా అన్నాను? ఉద్యోగం పోతుందనా? పక్క బల్లవాళ్ళు వింటున్నారనా? రాసిన మాట నిజమే కదా అని చాన్నాళ్ళు సర్దిచెప్పుకున్నాను. రాసినవాణ్ణీ తీసేసినవాణ్ణీ ఇద్దరు మనుషులుగా విడదీసి, ఒకడి వెనక ఇంకొకణ్ణి దాచాను. బ్రోకరు సంతకం చేయించుకున్న కాగితాల్లో ఆ నియమం ఉండే ఉంటుంది. ఉంటే నా తప్పు తగ్గుతుందా? ఇప్పటికీ తేల్చుకోలేను. ఆయన అడిగింది ఒక్క సాక్ష్యం. నేను అబద్ధం చెప్పాను. ఈ రెండు వాక్యాలు రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.

ఆయన పేరు అడగలేదు. బొమ్మనహళ్ళిలో రెండుసార్లు వెతికాను, దొరకలేదు. నాకు తెలిసినంతవరకు, ఆ ఇంట్లో సరిగ్గా చదవని మనిషి ఇప్పటికీ ఆయనే.