పేరాకు ముందు చప్పుడు

కంటి ఆసుపత్రిలో ఆమెను అందరూ టైపక్క అంటారు. ఇరవై తొమ్మిదేళ్ల కిందట చేరింది. టైపు మిషను అటకెక్కి కంప్యూటరు వచ్చినా, కిటికీ పక్క కుర్చీ మాత్రం ఆమెదే.

ఆపరేషనైనవాళ్లకు ఇచ్చే జాగ్రత్తల కాగితం ఆమే టైపు చేసేది. ఆ కాగితాలు ఇల్లు చేరకుండానే పోతున్నాయని పెద్ద డాక్టరు కొత్త ఏర్పాటు చేశారు. ఇంటర్నెట్‌లో మార్క్‌డౌన్ ఎడిటర్ అని ఒకటి. ఎడమ సగంలో రాస్తే, పేజీ ఎలా ఉంటుందో కుడి సగంలో కనబడుతుంది. పబ్లిష్ నొక్కితే ఎవరి ఫోన్లోనైనా తెరుచుకుంటుంది.

"నిన్న ఆపరేషనైనవాళ్లు పదకొండింటికి ఇంటికెళ్తారమ్మా. ఆలోగా అయిపోవాలి. కుదరకపోతే చెప్పు, బయటివాళ్లకిద్దాం. నువ్వు రిసెప్షన్‌లో కూర్చుందువుగాని."

"ఎందుకు కుదరదండీ," అంది టైపక్క.

హ్యాష్ గుర్తు పెడితే శీర్షిక పెద్దదైంది. మాటకు రెండు పక్కలా రెండేసి స్టార్లు పెడితే లావైంది. పేరాల దగ్గరే తేడా వచ్చింది. ప్రతి పేరా ఒక బూడిదరంగు పెట్టెలో పడింది. వాక్యం అంచు దగ్గర కిందికి దిగకుండా తిన్నగా కుడివైపు పోయి మాయమైంది. చెరిపి మళ్లీ కొట్టింది. మళ్లీ పెట్టె. కంప్యూటరు ఆపి మళ్లీ వేసింది. అయినా పెట్టె.

పదింబావుకు డాక్టరు తన ఫోన్లో చూశారు. "బరువులెత్తడం, కన్ను నలపడం, వంగి తలస్నానం... తర్వాతేదమ్మా?"

"చేయకూడదు అని ఉందండీ. లోపలికి పోయింది."

"బయటికి రప్పించు. లేకపోతే మనవాళ్లు ఇవాళే బరువులెత్తుతారు."

ఆయన వెళ్లాక వార్డు సిస్టరు స్టూలు లాక్కుని కూర్చుంది. "ఏం పాపం చేశావక్కా దీనికి?"

"నువ్వు కొట్టి చూడు. అవే మాటలు."

సిస్టరు ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. పెట్టె రాలేదు. వాక్యం బుద్ధిగా అంచు దగ్గర మడత పడి కిందికి దిగింది.

టైపక్క దాన్నీ తన పేరానీ మార్చి మార్చి చూసింది. ఒక్క అక్షరం తేడా లేదు. "నీ మాట వింటుంది, నా మాట వినదా? ఇరవై తొమ్మిదేళ్లు కొట్టినదాన్ని!"

"కోప్పడకు. మళ్లీ కొట్టు, చూస్తా."

టైపక్క కొట్టింది. సిస్టరు చెవి కీబోర్డు వైపు తిప్పింది. "ఆగాగు. అక్షరం పడకముందే ఆ చప్పుడేంటి?"

"ఏ చప్పుడు?"

"టకటకమని ఐదుసార్లు. నీ బొటనవేలు, స్పేస్ కీ మీద."

టైపక్క తన చేతిని వేరొకరి చేతిలా చూసుకుంది. పేరా మొదట్లో ఐదు ఖాళీలు వదలాలని టైపు నేర్పిన మేడం స్కేలు పట్టుకుని మరీ అలవాటు చేసింది. అప్పట్నుంచి బొటనవేలు ఆమెను అడగడం మానేసింది.

బొటనవేలు మడిచిపెట్టి మొదటి అక్షరం కొట్టింది. పెట్టె రాలేదు. మిగతా పేరాల ముందున్న ఖాళీలు చెరిపేసింది. అన్ని పెట్టెలూ పోయాయి. పబ్లిష్ నొక్కేసరికి పదకొండుకు పది నిమిషాలు.

కంటికి కట్టుతో ఉన్న ఒకాయనకు ఫోనిచ్చి చదివించింది. "...వంగి తలస్నానం చేయకూడదు. ఇంతేనామ్మా?"

"అంతేనండీ."

డాక్టరు కూడా చూసి తలూపారు. "చుక్కల మందు పేజీ కూడా నువ్వే చెయ్యి."

టైపక్క తిరిగొచ్చి కూర్చుంది. ఎడమ అంచుకు అతుక్కుపోయిన పేరాలు ఆమె కంటికి బోసిగా ఉన్నాయి.

"ఖాళీ వదిలితే పెట్టెలో పెట్టడమేంటి సిస్టరూ? ఖాళీ దానికేం చేసింది?"

"నన్నడిగితే? నాకు ఇంజెక్షన్ గురించి అడుగు."

టైపక్క కొత్త పేజీ తెరిచి శీర్షిక కొట్టింది. కింద పేరా మొదలుపెట్టబోయింది. టకటకమని ఐదుసార్లు చప్పుడైంది. ఆమె ఆగింది. ఒక్కొక్కటిగా ఐదు ఖాళీలనూ వెనక్కి చెరిపింది.